జతలేని మరక

మొన్న నా తమ్ముడి కూతురు సౌమ్య బెంగళూరు నుంచి వచ్చింది. వచ్చీ రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా, సంచిలోంచి ఒక బొంత తీసి నా మంచం మీద పడేసింది. బొంత అంటే దానికి కోపం. క్విల్ట్ అనాలట. ఆఫీసు లేని రోజుల్లో క్లాసుకు పోయి మరీ నేర్చుకుంటోంది. నీలం, తెలుపు గుడ్డలను త్రికోణాలుగా కోసి, మిషను మీద జతచేసి, ఎంతో ఓపికగా కుట్టిన బొంత. నాకైతే ముచ్చటేసింది. అది మాత్రం మూతి ముడుచుకుని, "సరిగ్గా చూడత్తా, నడిమి వరస అంతా తలకిందులయింది" అంది. చూస్తే నిజమే. మిగతా వరసల్లో త్రికోణాలన్నీ పైకి చూస్తుంటే నడిమి వరసలోవి నేలచూపులు చూస్తున్నాయి. "మా టీచరేమో విప్పొద్దు, ఆ తప్పునే డిజైన్ చేసుకో అంటాది. ఆయమ్మకేం, చెప్తాది. నాకు దాన్ని చూస్తాంటే ఒళ్లు మండుతాంది. అంతా విప్పేస్తా" అంటూ కుట్లు విప్పే చిన్న పనిముట్టొకటి తీసింది.

నాకు నవ్వాగలేదు. "కాస్త ఆగవే తల్లీ, మీ టీచరు పుట్టకముందే ఈ పాఠం చెప్పినామె ఒకామె ఉండేది" అని, మంచం కింది ట్రంకుపెట్టె లాగించి, మా అవ్వ బొంత బయటికి తీశాను. ఎండు వేపాకు గలగలా రాలింది. ఒకప్పటి తెల్ల బట్ట వెన్న రంగుకు తిరిగింది గానీ ఎరుపు ఎరుపుగానే ఉంది. బొంత నిండా అరచేతులంతవి, గుమ్మడి పువ్వులంతవి ఎర్రటి మచ్చలు. ప్రతి మచ్చ చుట్టూ ఎర్ర నూలుతో కుట్టు, ఆ కుట్టు లోపల మరో కుట్టు, దాని లోపల మరొకటి. సౌమ్య చేతిలో పనిముట్టు పక్కన పెట్టేసింది. దాని మీద చెయ్యి పరిచి, తిప్పి వెనకవైపు చూసి, మళ్లీ ముందుకు తిప్పి, "ఇది ఎవరు డిజైన్ చేసినారత్తా?" అంది. "నీళ్లు" అన్నాను. నేను ఆటపట్టిస్తున్నానని అనుకుంది. కాసేపటికి అంచు దగ్గర వెలిసిపోయిన చిన్న మరకనొకదాన్ని వేలితో చూపించింది. "అన్నిటికీ కుట్టుండాది, దీనికి లేదే? మర్చిపోయినారా?" ఈ బొంత కుట్టిన హుసేనమ్మ మర్చిపోవడమా! ఆ మాట ఆమె వినుంటే ఈ పిల్లకు వీపు చిట్లేది. దానికి జవాబు చెప్పాలంటే మా ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

ధర్మవరం పక్కన మగ్గాల వీధి మాది. వీధిలో తక్కినవాళ్లంతా నేసేవాళ్లయితే మా తాత రంగులు అద్దేవాడు. పట్టు లడీలను, అంటే నూలు చుట్టలను, సబ్బూ సోడా వేసి కాగుల్లో ఉడకబెట్టి, జిగురు పోగొట్టి, వెదురు కర్రలకు వేలాడదీసి రంగునీళ్లలో ముంచి తిప్పుతుండేవాడు. ఉడికే పట్టు వాసన కొత్తవాళ్లకు కడుపులో తిప్పేది. మాకు మాత్రం ఆ వాసన రాని రోజంటే పని లేని రోజు, ఇంటిల్లిపాదికీ దిగులు రోజు. తాత అద్దిన ఎరుపుకు పేరుండేది. పెళ్లిచీరలకు ఎరుపు కావాలంటే నేతగాళ్లు ఆయన గడప తొక్కాల్సిందే. రంగు పట్టిందో లేదో చేత్తో పిండి చూస్తే గానీ ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. అందుకని ఆయన చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆయన కలిపిన అన్నం కూడా ఎర్రగా అయిపోతుందేమోనని చిన్నప్పుడు పళ్లెం పక్కనే కూర్చుని చూసేదాన్ని.

అంతటి రంగులాయన కట్టే పంచెలు మాత్రం మచ్చ లేకుండా తెల్లగా ఉండేవి. అది మా అవ్వ పంతం. వాటిని చాకలికి వెయ్యనిచ్చేది కాదు. తానే ఉతికి, తానే గంజి పెట్టి, మడతలు నలగకుండా తన దిండు కింద పెట్టుకునేది. "రంగులాయన పంచె సూడండప్పా, పాలమాదిరి ఉండాది" అని వీధిలో ఎవరైనా అంటే అప్పుడు ఆమె ముఖం చూడాలి! తాతకేమో చెయ్యి తుడుచుకోవడానికి వేరే గుడ్డ వెతుక్కునే తీరిక ఉండదు. చెయ్యి నడుము దగ్గరికి పోగానే వంటింట్లోంచే అవ్వ కేక పడేది. "ఏమయ్యా, ఆడ చేతిగుడ్డ కట్టినా గదా, కండ్లు కనపడ్తాండాయా ల్యాదా?" ఈమెకు వీపున కూడా కళ్లుండాయని తాత గొణుక్కుంటూ చేతిగుడ్డ కోసం వెతుక్కునేవాడు. ఆ కేక, ఆ గొణుగుడు లేని పొద్దు మా ఇంట్లో ఉండేది కాదు.

తాత పోయాక అవ్వ ఎరుపును వదిలేసింది. బొట్టూ గాజులూ ఆ రోజుల్లో ఎట్లాగూ తీయించేవాళ్లు, అది లోకం చేయించిన పని. అవ్వ అంతటితో ఆగలేదు. ఎర్ర నూలును ముట్టడం కూడా మానేసింది. మా ఇంట్లో రాట్నం దగ్గర కూర్చుని నేతగాళ్లకు నూలు కండెలు చుట్టడం ఆమె పని. పచ్చవి చుట్టేది, నీలివి చుట్టేది. ఎర్ర లడి చేతికొస్తే మాత్రం పుల్లతో పక్కకు జరిపి, "ఇది మీయమ్మకియ్యి" అనేది. తాత పని అందుకున్న మా నాయన ఒకసారి ఉండబట్టలేక, "నూలుకేం దోషముండాదమ్మా?" అని అడిగాడు. "నూలుకు ల్యాదు, నాకుండాది" అంది. ఇక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మొగుడి చేతికంటిన రంగే ఆమెకు ముట్టరానిదైపోయిందే అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అదంతా మామూలే అనుకున్నాం.

పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదు, చాకలికి ఇచ్చెయ్యాలి. అవ్వ మాత్రం తాత పంచెలు కొన్ని ఎవరికీ తెలియకుండా దాచింది. ఏడాది కర్మ అయ్యాక ఒకరోజు వాటిని తెచ్చి మా అమ్మ ముందు పెట్టి, "హుసేనమ్మను పిలిపియ్యి. బొంత కుట్టించుకుంటా. కార్తీకం గాలి ఎముకల్లో దూరతాంది" అంది. గాలి ఒక సాకు అని మా అందరికీ తెలుసు. అంతకు మించి చెప్పే మనిషి కాదు అవ్వ.

హుసేనమ్మ దూదేకులామె. ముదిగుబ్బ దారిలో ఉండే పల్లె నుంచి వచ్చేది. ఆమె మొగుడు విల్లుతో దూది ఏకి పరుపులు కుడితే, ఆమె బొంతలు కుట్టేది. నిలువెత్తు మనిషి, బొడ్డున నశ్యం డబ్బీ, వీధి మొదట్లో మాట్లాడితే చివర వినపడే గొంతు. అణకువ అనేది ఆమెకు ఆమడ దూరం. "నా అంత కుట్టేదాన్ని సూపియ్యండి, ఈ పొద్దే సూది కింద పెట్టేస్తా" అని అందరికీ సవాలు విసిరేది. చూపించేవాళ్లెవరూ లేరు గనుక సూది కింద పెట్టే అవసరమూ రాలేదు. మా అరుగు మీద పాత చీరలు పొరలుగా పరిచి, పైన తాత పంచెలు పరిచి, తానే ఆ బొంత మీద కూర్చుని, అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి కుట్టుకుంటూ పోయేది. బడి నుంచి వచ్చాక నేనూ పోయి పక్కన కూర్చునేదాన్ని. ఒక వరస నన్నూ కుట్టనిచ్చింది. నా కుట్లు ఒకటి జానెడు, ఒకటి బెత్తెడు. విప్పుతుందనుకున్నా. "ఉండనీ, ఇది ఈ పాప కుట్టిందని ఎప్పటికైనా తెలుస్తాది" అంది. చివరి మూల మూసేముందు మా అమ్మను గుప్పెడు బియ్యం అడిగి అందులో పోసింది. ఏ బొంతకైనా ఆమె అట్లాగే చేసేది. "బొంతకు కడుపు నింపల్ల. అది ఆకలితో పడుకుంటే మనకేం వెచ్చదనమిస్తాది?" అనేది. అలా కుట్టు పూర్తి చేసి, బొంత అమ్మ చేతికిచ్చి వెళ్లిపోయింది.

కొత్త బొంతను ఒకసారి నీళ్లలో ముంచి ఆరబెట్టాకే కప్పుకోవాలి. గంజి దిగి, కుట్లు బిగిసి, బట్ట మెత్తబడాలి గదా. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటి, తోటల్లో ఎక్కడో బోరు దగ్గర బారులు తీరి ఆడవాళ్లు నీళ్లు మోసుకొచ్చేవాళ్లు. మాలాంటి రంగుల ఇళ్లలో ఒక అలవాటు ఉండేది. అద్దిన లడీలను జాడించిన నీళ్లను పారబోసేవాళ్లు కాదు. రాతి తొట్టిలో పోసి ఉంచితే రంగు అడుగుకు దిగి పైన తేటపడేది. ఆ తేటతో గోనెసంచులూ, వాకిట్లో పరిచే పట్టలూ ఉతుక్కునేవాళ్లం. అవ్వ అడగకముందే బొంత సిద్ధం చేసిపెడదామని మా అమ్మ ఆరాటం. తొట్టిలో నీళ్లు తేటగా కనపడ్డాయి. బొంతను మడతలు పెట్టి అందులో ముంచి, పైకి తేలకుండా రాయి పెట్టి, ఒక పని అయిందనుకుంది. అంత బరువు బొంత మునిగితే అడుగున పేరుకున్న ఎరుపంతా లేచి నీళ్లలో కలుస్తుందని ఆమెకు తట్టలేదు. ఏడాది పొడుగునా గోనెసంచులకు సరిపోయిన అలవాటది. మనసు బొంత మీద ఉంది, చెయ్యి అలవాటు మీద పోయింది.

పొద్దున బయటికి తీస్తే, తాత తెల్ల పంచెల నిండా ఎరుపు. అమ్మ చేతులు అట్లాగే గాల్లో నిలబడిపోయాయి. అవ్వ వచ్చింది, చూసింది. లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది. అమ్మ తాగే నీళ్ల బిందె కూడా కుమ్మరించి సోడా వేసి ఉతికింది. నీళ్లు పోయాయి గానీ మరక పోలేదు. "అత్తా, తెలీక చేసినా. కొడితే పడతా, ఒగ మాట మాట్లాడు" అని కాళ్ల దగ్గర కూర్చుంటే, "నాకొద్దు ఆ బొంత. ఎవరికన్నా ఇచ్చెయ్యి" అంది అవ్వ. ఆ మాట మెల్లగా అంది గనుక ఇంకా ఎక్కువ తగిలింది. పక్కింటి నాగలక్షమ్మ గోడ మీంచి తొంగిచూసి, "తాళి తెగినామెకు ఎర్ర బొంతా? పొయ్యిలో పెట్టండమ్మా, అరిష్టం" అని సలహా పారేసింది. జన్మలో ఎవరికీ ఎదురు చెప్పని మా అమ్మ, "నీ నోరు పడిపోను, లోపలికి పో" అనేసింది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ బొంతను అవ్వ కప్పుకోకపోతే ఆమెకు తాతను మళ్లీ ఒకసారి దూరం చేసినదాన్నవుతానని అమ్మ భయం. నాకూ అదే భయం పట్టుకుంది.

నాయన కబురు పంపితే హుసేనమ్మ దిగింది. అమ్మ ఏడుపు సగం విని, "ఏడుపు ఆపి బొంత ఎండలో పరుచు" అంది. చుట్టూ తిరిగింది, నశ్యం పీల్చింది, మళ్లీ తిరిగింది. మరకల మీద తెల్లగుడ్డ అతుకులు వేద్దామని అమ్మ అంటే, "అతుకు మీద అతుకేస్తే ఇది బొంత గాదమ్మా, గోడైతాది. ముసిలామె మోకాళ్లు మోస్తాయా?" అని కొట్టిపారేసింది. తర్వాత, తొట్టిలో ఎట్లా పెట్టావో అట్లాగే మడత పెట్టి చూపించమంది. మడత పెట్టాక ఒక్కొక్క మడతే విప్పుతూ, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "సూడు, సూడు! ఈడ ఒగటి, ఎదురుగా ఆడ దాని జత. ఈ తోక కుడివైపు పోయింది, దాని జతకు ఎడమవైపు పోయింది. నీళ్లే కూర్చోని ముగ్గేసినాయి గదా! నేను గీత గీస్తే సాలు. ఒగ చిన్న లడి ఎర్ర నూలియ్యి." అమ్మ బెదిరిపోయింది. "ఇంకా ఎరుపా అక్కా?" "ఎరుపే! దొంగమాదిరి దాచిపెడితే దీన్ని మరకంటారు. ముందుకు తెచ్చి నిలబెడితే, ఎవురు కుట్టినారమ్మా ఈ పువ్వులు అని అడుగుతారు. సూస్తాండు నువ్వు."

అప్పటి నుంచి ఆ చేతిపని చూడ్డానికి రెండు కళ్లు చాలలేదు నాకు. మరక అంచు ఎట్లా వంకర తిరిగితే సూది అట్లాగే తిరిగేది. దాన్ని గుండ్రం చెయ్యాలని గానీ, చక్కదిద్దాలని గానీ చూడలేదు ఆమె. చుట్టులో చుట్టు కుట్టి, నడిమికి వచ్చేసరికి చిన్న చుక్క పెట్టేది. నీళ్లు కారిన చారలకు ఒక్క వరస కుట్టు వేస్తే అవి కాడలయ్యాయి. పైన కలిసిన రెండు మరకల మధ్య సన్నటి తెల్ల సందు మిగిలితే, దానికి తెల్ల నూలు వాడింది. వీధిలో వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసిపోయారు. నాగలక్షమ్మ కూడా గోడ మీంచి తల దించలేదు. అవ్వ మాత్రం పెరట్లోకి పోతూ వస్తూ అరుగువైపు చూడకుండా నడిచేది. అయితే ఒకటి కనిపెట్టాను. ఎప్పుడూ పొయ్యి దగ్గర కాఫీ తాగే మనిషి, గ్లాసు తెచ్చుకుని గడప మీద కూర్చోవడం మొదలుపెట్టింది. హుసేనమ్మ అది చూసీ చూడనట్టు ఊరుకుంది.

సౌమ్య క్లాసులో ఇట్లాంటివి పుస్తకాలు చూపించి నేర్పుతారట. కొందరైతే కొత్త గుడ్డ మీద కావాలని టీ డికాక్షన్ పోసి మరకలు చేస్తారట. విన్నప్పుడు నవ్వొచ్చింది, మా అమ్మ వినుంటే ఏమనేదోనని. కానీ వాళ్లను వెక్కిరించను. ఆ రోజుల్లో మాకు రెండో గుడ్డ లేదు, రెండో బిందె నీళ్లు లేవు. తప్పుతో కాపురం చెయ్యక తప్పలేదు మాకు. ఈ పిల్లకు బీరువా నిండా గుడ్డలున్నాయి, పాడైంది పారేసి కొత్తది మొదలుపెట్టొచ్చు. అయినా ఆ తలకిందుల వరస ముందు కూర్చుని కొట్టుకుంటోందంటే, దానిది కూడా గట్టి మనసే. ఇంకో మాట కూడా చెప్పాలి. లేమి వల్లే హుసేనమ్మకు అంత తెలివి వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కప్పుకోవడానికి పనికొస్తే చాలనుకుంటే ఒక్క చుట్టు కుట్టి వదిలెయ్యొచ్చు. అన్ని చుట్లు కుట్టమని ఆమెను ఎవరూ అడగలేదు. చూసి సంతోషపడాలని ఆమె చేతికే ఆశ. అట్లాంటి చేతిని ఇంత వయసొచ్చినా మళ్లీ నేను చూడలేదు.

ఇక సౌమ్య అడిగినదానికి వస్తాను. పని అయిపోవచ్చింది. నీళ్లలో నానిన పాత బియ్యాన్ని మూల విప్పి తీసేసి, హుసేనమ్మ అంచు వెంబడి చూసుకుంటూ వస్తోంది. ఒకచోట సూది ఆగింది. అటు మడిచింది, ఇటు మడిచింది. తర్వాత లోపలికి వినపడేట్టు కేకేసింది. "అవ్వా, ఒగసారి ఇట్ల రా."

"నాకేం పని ఆడ?" అంది అవ్వ గడప మీంచే.

"పనుండాది రా. అన్నిటికీ జత దొరికింది, దీనికి దొరకల్యా. రంగు గూడా వేరే. ఇది తొట్టి నీళ్ల ఎరుపు గాదు, ఎప్పటిదో పాతది. కుట్టేదా, వద్దా? నువ్వే చెప్పల్ల."

అవ్వ గ్లాసు కింద పెట్టి వచ్చింది. మోకాళ్ల మీద చేతులాన్చి కూర్చుని, ఆ చోటు కళ్ల దగ్గరికి లాక్కుంది. పంచె నడుము దగ్గర పడే భాగమది. వెలిసిపోయి, దగ్గరగా చూస్తే గానీ కనపడని మరక. వేళ్లు ఈడ్చినట్టు పక్కపక్కనే నాలుగు చారలు. అవ్వ తన వేళ్లు వాటి మీద పెట్టింది. తర్వాత నవ్వింది. తాత పోయాక ఆమె నవ్వు వినడం నాకు అదే మొదలు.

"ముసిలోడు! చెప్తే ఇనేటోడా ఈయప్ప? గుడ్డ కట్టిచ్చినా ఈడనే తుడిసినాడు. సోడా ఏసినా, నిమ్మకాయ రుద్దినా, పోలే. మడత లోపలికి తిప్పి కట్టిస్తాంటి, ఎవురూ సూడకుండా. నా బతుకంతా ఈయప్ప ఎరుపు ఉతకనీకే సరిపోయింది" అంటూ బొంత మొత్తం వైపు, హుసేనమ్మ కుట్టిన ఆ ఎర్రటి పువ్వులన్నిటి వైపు, మొదటిసారి నిండుగా చూసింది. "ఇప్పుడు సూడు, నేను ఉతికి పోగొట్టిందంతా మళ్ల తెచ్చి పోసినాడు."

అప్పుడు ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, మా అందరి ముందే. హుసేనమ్మ కూడా ముక్కు చీది, నశ్యం ఘాటని బుకాయించింది. కాసేపటికి అవ్వ ముఖం తుడుచుకుని, "అన్నీ కుట్టుకో. ఇది మాత్రం కుట్టొద్దు. ఇట్లే ఉండనీ" అంది. తర్వాత తల తిప్పి, గుంజ పట్టుకుని నిలబడిన మా అమ్మను చూసింది. "ఏమ్మే, నిలబడి సూస్తాండావు? బియ్యం తెచ్చియ్యి. బొంతకు కడుపు నింపొద్దా?" బొంత నాకొద్దన్న రోజు తర్వాత అత్త తనతో మాట్లాడిన మొదటి మాట అది. గుప్పెడు సరిపోయేదానికి అమ్మ చేట నిండా తెచ్చింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకే అవ్వ మంచమెక్కి, బొంత గొంతుదాకా లాక్కుని, ఆ నాలుగు చారలు చేతి కిందికి వచ్చేట్టు సర్దుకుంది. నాగలక్షమ్మ ఏదో అనబోతే, "నా మొగుడి ఎరుపు, నేను కప్పుకుంటా. నీకేం నొప్పి?" అంది.

మర్నాడు కండెలు చుట్టే వేళకు నాయన లడీలు తెచ్చి రాట్నం పక్కన పోశాడు. నేను అలవాటుగా ఎర్ర లడి ఏరి అమ్మ దగ్గరికి తీసుకుపోతున్నాను.

"దాన్ని యాడికి తీసకపోతాండావు పాపా?" అంది అవ్వ, చెయ్యి చాపి. "ఇట్లియ్యి."